పాల్పబుల్ అంటే తాకేదా, తెలిసేదా? ఒక్క మాట మీద ఇంత రచ్చ

కడప_రాత్రిడెస్కు · రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళకు పోస్టు పెడ్తాండా. నేను కడపలో ఒక చిన్న వెబ్ పేపర్‌కు రాత్రిపూట ఇంగ్లీషు వార్తలు తెలుగులోకి రాస్తా, పగలు వేరే పని. మొన్న ఒక ఊర్లో స్థలం గొడవ మీద వార్త వచ్చింది, దాంట్లో 'టెన్షన్ వాజ్ పాల్పబుల్' అని ఉండాది. అప్పటికే పదకొండున్నర దాటింది, డిక్షనరీలో మొదట ఏముంటే అది చూసి 'గ్రామంలో స్పృశించదగిన ఉద్రిక్తత నెలకొంది' అని కొట్టి పంపించేసినా. తెల్లారి మా ఎడిటర్ సార్ ఫోను. "ఏమప్పా, ఉద్రిక్తతను తాకి చూసినావా? మెత్తగా ఉండాదా, గట్టిగా ఉండాదా?"

ఆఫీసులో ఇప్పుడు నా పేరే స్పృశించదగిన అయిపోయింది.

నా డౌటు ఏందంటే, ఆ డిక్షనరీలోనే మొదటి అర్థం తాకితే తెలిసేది అని ఉంది, రెండోది స్పష్టమైన, విదితమైన అని ఉంది. చేతితో తాకేదానికీ స్పష్టంగా ఉండేదానికీ సంబంధం ఏంది, ఒకటే మాట రెండు పనులు ఎట్ల చేస్తాంది? ఇంకోటి, నేను రాయాల్సింది ఏంది?

శెనక్కాయ_సామి · రాత్రి 10:58

అన్నా నవ్వలేక సచ్చినా 😂 ఇంత ఆలోచన దేనికి, పామ్ అంటే అరచెయ్యి, పామ్ ప్లస్ ఏబుల్, అరచేతికి అందేది. అనంతపురం నుంచి ఉచిత సలహా.

పాతపుస్తకం · రాత్రి 11:20

సామీ, వినడానికి బాగుంది గానీ తప్పు. అరచెయ్యి పామ్ లాటిన్‌లో పాల్మా నుంచి వచ్చింది, దానికి దీనికి చుట్టరికం లేదు. పాల్పబుల్‌కు మూలం పాల్పారే అనే లాటిన్ క్రియ. మెల్లిగా నిమరడం, తట్టడం, తడమడం అని అర్థం. గుర్రం మెడ నిమిరి మచ్చిక చేస్తారు చూడండి, అట్లాంటి తాకడం. అదే మాటను రోమన్లు ముఖస్తుతికి కూడా వాడినారు. మనం 'వాణ్ణి బాగా దువ్వుతాన్నాడు' అంటామే, అచ్చం అదే. ఎక్కడి రోము ఎక్కడి రాయచోటి, పని కావాలంటే వీపు నిమరాలని ఇద్దరికీ తెలుసు.

దాంట్లోంచే పాల్పిటేషన్ వచ్చింది, గుండె దడ. పాల్పారేను మళ్ళీ మళ్ళీ జరిగే పనిగా మారిస్తే పాల్పిటారే, టకటకా కొట్టుకోవడం. పురుగుల నోటి దగ్గర తడుముకునే చిన్న కాళ్ళలాంటివి ఉంటాయి, వాటిని పాల్ప్స్ అంటారు. తేలుకు ముందరుండే పటకార్లు కూడా ఆ జాతివే, పెడిపాల్ప్స్.

ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర్లో వచ్చింది, అప్పుడు తాకితే తెలిసేది అనే అర్థమే. ఇంకొన్నేళ్ళకే, 15వ శతాబ్దంలోనే, తేటగా తెలిసేది అనే అర్థం పక్కన చేరింది. కాబట్టి రాత్రిడెస్కు గారూ, మీరు వాడింది తప్పు అర్థం కాదు, ఆరువందల ఏళ్ళ పాత అర్థం. ఎడిటర్ సార్‌కు ఆ మాట చెప్పండి 🙂

(డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనాను, ఊరికే ఉండలేక ఈడ తిరుగుతుంటా.)

పెద్దాస్పత్రి_సిస్టర్ · రాత్రి 11:47

కర్నూలు నుంచి. ఈ మాట మేము రోజుకు ఇరవైసార్లు రాస్తాం, అది వార్తల్లో కూడా వస్తాదని ఇప్పుడే తెలిసింది.

ఒకసారి ఒక పెద్దాయన జ్వరంతో వచ్చినాడు, ఓపీ చీటీ మీద డాక్టర్ గారు 'స్ప్లీన్ నాట్ పాల్పబుల్' అని రాసినారు, అంటే ప్లీహం చేతికి తగల్లేదు అని. ఆయన కొడుకు ఫోన్లో వెతుక్కున్నాడో ఏమో, కారిడార్లో వాళ్ళమ్మతో 'నాయినకు స్ప్లీన్ కనపల్లేదంటమ్మా' అని చెప్పేసినాడు. ఆమె ఒకటే ఏడుపు. ఏమి లేదమ్మా, తగలకపోవడమే మంచిది, తగిలితేనే ఆలోచించాల అని చెప్పేసరికి నాకు అరగంట పట్టింది.

ఎందుకంటే ప్లీహం ఎడమ పక్క పక్కటెముకల కింద దాక్కొని ఉంటాది. బాగున్న మనిషికి చేతికి తగలదు. మామూలు సైజు కన్నా రెండు మూడింతలు పెరిగితే తప్ప చేతికి రాదని మాకు ట్రైనింగ్‌లోనే చెప్తారు. డాక్టర్ ఎట్ల చూస్తారంటే, ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చ చేసుకుంటారు (చల్లటి చెయ్యి పెడితే కడుపు బిగబడతాది), కుడి పక్క కింద నుంచి మొదలుపెట్టి ఎడమ ఎముకల దిక్కు మెల్లిగా జరుపుకుంటా పోతారు, 'గాలి పీల్చు' అంటారు. పీల్చినప్పుడు ప్లీహం కిందికి దిగి వేళ్ళ కొసలకు వచ్చి తగులుతాది, పెరిగి ఉంటే. అప్పుడు 'పాల్పబుల్, రెండు సెంటీమీటర్లు' అని రాస్తారు. బ్రిటిషోళ్ళ కాలంలో అయితే ఊర్లో మలేరియా ఎంతుందో తేల్చడానికి పిల్లలందరి కడుపులు తడిమి, తగిలినోళ్ళను లెక్కబెట్టేవాళ్ళంట. స్ప్లీన్ రేట్ అని దానికి పేరు.

మా అవ్వ పెరిగిన ప్లీహాన్ని 'కడుపులో బల్ల' అనేది. బల్ల అంటే చెక్కపలక. చేతికి పలకలాగ తగులుతాది గాబట్టే ఆ పేరు పెట్టింటారనుకుంటా.

శెనక్కాయ_సామి · రాత్రి 11:55

సిస్టర్ అక్కా, బల్ల మాట మా ఇంట్లోనూ విన్నా. ఇప్పుడర్థమైంది యాంటికి అంటారో.

కడప_రాత్రిడెస్కు · రాత్రి 12:10

పాతపుస్తకం సార్, సిస్టర్ మేడం, థాంక్స్. కానీ నా డౌటు సగమే తీరింది. ప్లీహం చేతికి తగుల్తాది, సరే. ఉద్రిక్తత యాడ తగుల్తాది? చెయ్యి నుంచి మనసుకు ఎట్ల పోయింది ఆ మాట?

పాతపుస్తకం · ఉదయం 6:15

ఇది షేక్స్పియర్‌లో భలే కనపడుతుంది. హామ్లెట్ చివర్లో కత్తి పోటీ ఉంటుంది, 1600 ప్రాంతపు నాటకం. హామ్లెట్ కత్తి తగిలిందంటాడు, ఎదుటోడు లేదంటాడు, తీర్పు చెప్పమంటే ఆస్రిక్ అనే ఆస్థానపు మనిషి 'తగిలింది, చాలా పాల్పబుల్‌గా తగిలింది' అని తేలుస్తాడు. ఇక్కడ మాటకు రెండు కాళ్ళూ ఒకేసారి నేల మీద ఉన్నాయి. కత్తి నిజంగానే ఒంటిని తాకింది, అది అందరికీ తెలిసిపోయింది కూడా.

ఇంకో ఐదారేళ్ళకు మాక్‌బెత్. రాజును చంపబోయే ముందు వాడికి గాల్లో బాకు కనపడుతుంది. పట్టుకోబోతాడు, చేతికి రాదు, అయినా కంటికి కనపడుతూనే ఉంటుంది. నువ్వు కంటికి తెలిసినట్టు చేతికి తెలియవా అని దాన్నే అడుగుతాడు. (అక్కడ వాడిన మాట సెన్సిబుల్. ఇప్పుడు సెన్సిబుల్ అంటే బుద్ధిమంతుడు, అప్పట్లో ఇంద్రియాలకు తెలిసేది అనే అర్థం కూడా ఉండేది.) ఆ తర్వాత తన ఒరలోంచి అసలు కత్తి దూసి, నువ్వూ దీనంత పాల్పబుల్‌గానే ఉన్నావు అంటాడు. కన్ను ఒకటి చెప్తుంది, చెయ్యి ఇంకోటి చెప్తుంది, వాడికి పిచ్చెక్కేది ఆ మధ్యలోనే. కన్ను మోసపోయినా చెయ్యి మోసపోదు అని మనుషులకు ఒక నమ్మకం. చేతితో చూసినంత గట్టిగా తెలిసింది అని చెప్పాలంటే పాల్పబుల్. నా లెక్క ప్రకారం మాట మనసుకు పోయిన దారి అదే.

మోటార్_స్టార్టర్ · ఉదయం 7:02

నాకు ఇంగ్లీషు అంత రాదు సార్, ఆళ్ళగడ్డ పక్క సేద్యం. కానీ బైబిల్ చదువుతా. నిర్గమకాండం పదో అధ్యాయంలో ఐగుప్తు మీదికి చీకటి వస్తాది, మా తెలుగు బైబిల్లో దాన్ని చేతికి తెలిసేంత చిక్కటి చీకటి అని రాసినారు. చీకటి చేతికి తెలిసేదేంది అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు రాత్రి రెండింటికి త్రీఫేజ్ కరెంటు వచ్చేది, చేనికి పోయి మోటార్ ఏసుకోవాల్సొచ్చేది. ఒక రోజు టార్చి సగం దారిలో ఆరిపాయ, అమాసె, మబ్బు. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి అంటారే అదే. గట్టు కాలితో తెలుసుకుంటా, కంప చెట్టు ముల్లు గీరుకుంటే ఓహో ఇంకా పది అడుగులు అని లెక్కేసుకుంటా పోయినా. షెడ్డులో గోడ మీద స్టార్టర్ తడుముతాంటే ముందు తడి గోడ, తర్వాత మేకు, మేకుకు తగిలించిన గోనెసంచి, అప్పుడు డబ్బా. ఎర్ర బటన్ కొంచెం పైకి ఉబ్బి ఉంటాది, పచ్చది లోపలికి ఉంటాది, వేలికి తెలుస్తాది. ఆ రోజు చీకటి నిజంగా మూతికి గుడ్డ అడ్డం పెట్టినట్టే ఉండె, చేత్తో పక్కకు నెట్టబుద్ధి అయ్యింది.

పాతపుస్తకం · ఉదయం 7:30

మోటార్ గారూ, మీకు ఇంగ్లీషు రాదన్న మాట నేను నమ్మను, మీరు చెప్పింది సరిగ్గా అసలు చోటు. ఆ వాక్యమే లాటిన్ బైబిల్లో 'తడమగలిగేంత దట్టమైన చీకట్లు' అని ఉంటుంది, అక్కడున్న క్రియ ఈ పాల్పారేనే. ఇంగ్లీషు కవి మిల్టన్ కూడా 1667లో వచ్చిన తన కావ్యంలో పాతాళం దాటే చీకటికి ఈ విశేషణమే తగిలించినాడు. కనపడకుండా చేసే చీకటికి తాకితే తెలిసేది అనే మాట, చూడండి ఎంత తమాషానో.

దస్తావేజు_దాదా · ఉదయం 9:40

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు, టాంజిబుల్ కూడా ఇదే కదా? అనంతపురంలో దస్తావేజులు రాస్తా నేను, రోజూ చూసే మాట. 1882 ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్‌లో టాంజిబుల్ స్థిరాస్తి విలువ నూరు రూపాయలు, అంతకు పైన ఉంటే రిజిస్టరు కాయితం మీదే అమ్మకం జరగాలని ఉంటుంది. ఇల్లు, చేను, దొడ్డి, అంటే తాకి చూపించగలిగేది. ఆస్తి మీద ముందు ముందు వచ్చే హక్కులాంటివి ఇంటాంజిబుల్ కిందికి పోతాయి. మరి నేను 'పాల్పబుల్ స్థిరాస్తి' అని రాస్తే సబ్ రిజిస్ట్రార్ ఊరుకుంటాడా 😀

పాతపుస్తకం · ఉదయం 10:05

ఊరుకోడు. టాంజిబుల్‌ది టాంగెరే, ఇంకో లాటిన్ తాకుడు. కాంటాక్ట్, టాంజెంట్, ఇంటాక్ట్, అంటుజబ్బుకు వాడే కంటేజియస్, అన్నీ ఆ ఇంటివే. ఇంగ్లీషులోకి పాల్పబుల్ కన్నా దాదాపు రెండువందల ఏళ్ళు ఆలస్యంగా, 16వ శతాబ్దం చివర్లో వచ్చింది. వాడుకలో తేడా ఏందంటే టాంజిబుల్ లెక్కలవైపు పోయింది, ఆస్తి, లాభం, ఫలితం, ఆధారం, వీటి పక్కన కూర్చుంటుంది. పాల్పబుల్ డాక్టర్ల చేతి కింద ఒక కాలు పెట్టి, రెండో కాలు భయం, ఉత్సాహం, ఊరట, టెన్షన్ పక్కన పెట్టింది. టాంజిబుల్‌ను చూపించి సంతకం పెట్టించుకోవచ్చు. పాల్పబుల్‌ను ఆడికి పోయినోడే తెలుసుకోవాల.

సూటిగా_సుత్తిలేకుండా · ఉదయం 11:12

మీరంతా లాటిన్ తవ్వుతున్నారు గానీ వార్త చదివేవాడికి ఏం కావాలి? 'తీవ్ర ఉద్రిక్తత' అని రాస్తే అయిపోయేదానికి. పాల్పబుల్ అంటే ఎక్కువగా ఉందనే కదా. క్లోజ్ చేయండి థ్రెడ్.

పెద్దాస్పత్రి_సిస్టర్ · మధ్యాహ్నం 1:25

లేదన్నా, ఎక్కువ అని కాదు. మేము 'జస్ట్ పాల్పబుల్' అని కూడా రాస్తాం. అంటే అప్పుడప్పుడే వేలి కొసకు తగులుతాంది అని. పెద్దగా పెరిగిందనే మాట అందులో లేదు, తగలని కాడి నుంచి తగిలే కాడికి వచ్చింది, అంతే. పేషెంటుకు ప్రాణం పోయేంత జబ్బున్నా చేతికి ఏమీ తగలకపోవచ్చు. చిన్న కొవ్వు గడ్డ, ఏ ప్రమాదమూ లేంది, చేతికి బఠాణీగింజలాగ చక్కగా తగలొచ్చు. తీవ్రం వేరే, తెలియడం వేరే.

కడప_రాత్రిడెస్కు · మధ్యాహ్నం 1:40

మేడం మీరు మా ఎడిటర్ అయ్యుంటే బాగుండు. ఇది నాకు తట్టనే లేదు. వార్తలో ఒక్క దెబ్బ కూడా పడలేదు, ఎవరూ అరవలేదు, అంగళ్ళు మాత్రం మూసినారు, వీధిలో ఎవరూ మాట్లాడ్డం లేదు. తీవ్రం అని రాస్తే అబద్ధమయ్యేది.

పొద్దుటూరు_పంతులు · మధ్యాహ్నం 3:15

ఆలస్యంగా చూసినాను. రాత్రిడెస్కు నాయనా, డిక్షనరీలో రెండో అర్థం 'స్పష్టమైన' అని ఉందన్నావు కదా, ఆ మాట సంగతి ఒకటి చెప్తాను. చాలామంది స్పష్టం అంటే స్పర్శకు చుట్టం అనుకుంటారు, ధ్వని దగ్గరగా ఉంది గనక. కాదు. సంస్కృతంలో స్పశ్ అనే ధాతువు, చూడటం అని అర్థం, దానికి వచ్చిన రూపం స్పష్టం. అంటే చూడబడినది. స్పశుడు అంటే గూఢచారి, ఋగ్వేదంలో వరుణుడి వేగులను ఈ మాటతోనే పిలుస్తారు. 'పశ్యతి' అంటే చూస్తున్నాడు అని చిన్నప్పుడు చదువుకుంటామే, అది సకారం రాలిపోయిన ఇదే ధాతువు. లాటిన్‌లో దీని తోబుట్టువు స్పెకెరే, అందులోంచి కాన్స్పిక్యువస్ (ఇట్టే కంటపడేది), ఇన్‌స్పెక్టర్. ఇంగ్లీషు స్పై కూడా ఆ వంశమే. మన స్పష్టమూ వాళ్ళ స్పై ఒక తల్లి బిడ్డలు.

ఇక మన సొంత మాట తెలియు. తెలుపు, తెల్ల, తెలివి, తెల్లవారు అన్నీ ఒక కుదురు మాటలు. తెలిసింది అంటే లోపల వెలుతురు పడింది అని. అంటే స్పష్టమూ కంటి మాటే, తెలియడమూ వెలుతురు మాటే. చెయ్యి ఎక్కడా లేదు. పాల్పబుల్‌కు ఎదురుగా స్పష్టమైన అని వేయగానే చెయ్యి తీసేసి కన్ను పెట్టినట్టయింది. 'స్పష్టమైన ఉద్రిక్తత' అని రాసి ఉంటే మీ ఎడిటర్ నవ్వేవాడు కాదు గానీ వాక్యం మాత్రం చచ్చేది.

అట్లని తెలుగుకు చెయ్యి లేదనుకోవద్దు. కరతలామలకం ఉంది, అరచేతిలో ఉసిరికాయ, సంస్కృతం నుంచి వచ్చినా మన నోట నలిగిన మాట. లెక్క పట్టుబడింది అంటాం, అంతుపట్టలేదు అంటాం, తడుముకోకుండా చెప్పినాడు అంటాం. పైగా మనం వాసన చూస్తాం, రుచి చూస్తాం, చెయ్యి పట్టి చూస్తాం, అన్నిటికీ చూడటమే.

శెనక్కాయ_సామి · మధ్యాహ్నం 3:32

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు... ఇదీ పాల్పబులే కదా పంతులు గారూ, వాని తప్పు వాడే తడిమి చూపించినాడు 😂

ఇంకోటి, మేము విత్తనానికి ముందు వాన పడితే పదును (విత్తడానికి సరిపడా తడి) అయిందా లేదా అని ఎట్ల చూస్తామంటే, జానెడు లోతున మన్ను తీసి పిడికిట్లో పిసుకుతాం. ఉండ కట్టి, కింద వదిలితే పగలాల. పొడిగా రాలిపోతే ఇంకా కాలేదు, చేతికి అంటుకుంటే ఎక్కువైంది. పైన చూస్తే నేలంతా తడిగానే ఉంటాది, కన్నును నమ్మి విత్తితే శెనగవిత్తనం పాయ. పదును అనేది చేతికే తెలిసేది. మా నాయన మిషన్లు ఎన్ని వచ్చినా పిడికిలి తర్వాతే అంటాడు.

పొద్దుటూరు_పంతులు · మధ్యాహ్నం 3:50

సామీ, భుజాల సంగతి బ్రహ్మాండం. ఈ సంగతులు సి.పి. బ్రౌన్ వింటే రాసుకునేవాడు. 1820లో కడపకు వచ్చి, ఇక్కడి జనం మాట్లాడే మాటలు ఏరి ఏరి 1852లో నిఘంటువు వేసినాడు. ఆయన బంగళా ఉన్న తావులోనే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. రాత్రిడెస్కు, కడపలోనే ఉండావు, ఒక పూట పోయి కూర్చో. ఫోను డిక్షనరీ మొదటి అర్థంతో ఆపొద్దు.

సూటిగా_సుత్తిలేకుండా · సాయంత్రం 4:20

సరే ఒప్పుకుంటున్నా, తీవ్రం కాదు. 'కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది' అని రాయొచ్చుగా మరి? దాంట్లో దెబ్బా ఉంది, కనపడటమూ ఉంది. ఆ నాటకంలో కత్తి తగిలినట్టే.

పాతపుస్తకం · సాయంత్రం 4:41

శభాష్, ఇది బాగా దగ్గరికొచ్చింది. రెండు ఉపన్యాసాల మధ్య తేడాకో, చొక్కా మీద మరకకో అయితే కొట్టొచ్చినట్టు సరిగ్గా సరిపోతుంది. మూసిన అంగళ్ళ మధ్య మౌనానికి మాత్రం కొంచెం మోటుగా ఉంటుందేమో. నాకింకోటి తడుతోంది. ఇంగ్లీషులో పాల్పబుల్ అని విశేషణం వేసి, ఎవరికి తెలిసింది అనేది దాచేస్తారు. తెలుగుకు ఆ దాపరికం పొసగదు. తెలియడం అంటే ఎవరికో తెలియాల, 'కి'యో 'కు'యో పడాల్సిందే. విశేషణం వదిలేసి క్రియ పెట్టి చూడండి.

కడప_రాత్రిడెస్కు · రాత్రి 9:55

పెట్టినా సార్. 'ఊర్లోకి అడుగుపెట్టిన ఎవరికైనా ఉద్రిక్తత ఇట్టే తెలుస్తోంది. అంగళ్ళు మూతపడ్డాయి, అరుగుల మీద ఎవరూ లేరు.' పాత వార్తలో మార్చి సార్‌కు పంపించినా. 'ఇది బాగుంది, చేతికి తగిలింది' అని మెసేజి పెట్టినాడు. ఎగతాళో మెచ్చుకోలో తెలియట్లేదు.

పెద్దాస్పత్రి_సిస్టర్ · రాత్రి 10:12

మెచ్చుకోలే అనుకో తమ్ముడూ. ఇంతకీ ఆ ఊర్లో గొడవ ఏమైంది?

కడప_రాత్రిడెస్కు · రాత్రి 10:15

ఇంకా తేల్లేదక్కా. సోమవారం సర్వేయర్ వస్తాడంట.

దస్తావేజు_దాదా · రాత్రి 10:31

హద్దురాళ్ళు ఉన్నాయా, పీకేసినారా? ముందు అది కనుక్కోమను.